బాల మల్లయోధులకు మెట్లు ఎలా కట్టాలి?

ప్రశ్న: మా క్లబ్బులో 7 ఏళ్ల నుంచి 16 ఏళ్ల దాకా 34 మంది పిల్లలు కుస్తీ నేర్చుకుంటున్నారు. నాతో పాటు ఇద్దరు సహాయక శిక్షకులు ఉన్నారు. పిల్లల ఎదుగుదలకు ఒక క్రమం ఉండాలని ఐదు స్థాయిలు ఏర్పరచి, 40 పట్ల జాబితా రాసి, స్థాయి దాటిన ప్రతిసారీ వేరే రంగు చొక్కా ఇస్తున్నాం. ఏడాదిన్నర గడిచింది. జాబితా మొత్తం అప్పజెప్పగలిగిన పిల్లలు కూడా పోటీలో తేలిపోతున్నారు. మూడో స్థాయి చొక్కా తొడుక్కున్న 9 ఏళ్ల బాబు తన తొలి పోటీలో అర నిమిషంలో చిత్తయ్యాడు. అప్పటి నుంచి సాధనకు రానంటున్నాడు. 13, 14 ఏళ్ల వయసులో కొత్తగా చేరినవారు చిన్నపిల్లల పక్కన మొదటి స్థాయిలో నిలబడటానికి సిగ్గుపడుతున్నారు. రంగుల విషయంలో తల్లిదండ్రుల మధ్య తగవులు వస్తున్నాయి. ఈ స్థాయిలను తీసేయాలా, మార్చాలా?

సమాధానం: తీసేయనవసరం లేదు. అవి దేన్ని కొలుస్తున్నాయో దాన్ని మార్చండి. "అప్పజెప్పగలిగిన పిల్లలు" అని మీరు యథాలాపంగా రాసిన మాట దగ్గరే నాకు చిక్కుముడి కనిపించింది. ఎక్కాలు అప్పజెప్పవచ్చు, పద్యాలు అప్పజెప్పవచ్చు, ఎందుకంటే ఎక్కం ఎదురు తిరగదు. కుస్తీ పట్టు అలా కాదు. దాన్ని పడనివ్వకూడదని పంతం పట్టిన మరొక మనిషి ముందు నిలిచినప్పుడే అది వచ్చిందో రాలేదో తేలుతుంది. కదలకుండా నిలబడిన జోడీ మీద 40 పట్లు చూపిన పిల్లవాడు 40 భంగిమలు నేర్చుకున్నాడని మాత్రమే చెప్పగలం. మీ జాబితాలో ఎదుటివాడు లేడు.

శిక్షకుడిగా నా తొలి నాలుగేళ్లలో నేనూ ఇలాంటి పట్టికనే గోడకు అంటించి, దాని పక్కన పిల్లల పేర్లు రాసి, టిక్కులు పెట్టుకుంటూ సంతోషపడ్డాను కనుక మిమ్మల్ని తప్పు పట్టే అర్హత నాకు లేదు. జూడోను 1882లో స్థాపించిన జిగోరో కానో తన శిష్యులకు తరగతులు నిర్ణయించాడు, ఆ తరువాతి కాలంలో రంగుల బెల్టులు వచ్చాయి. వాటిని చూసిన కుస్తీ శిక్షకులకు తమ పిల్లలకూ అలాంటిదేదో ఉంటే బాగుండునని అనిపించడం సహజమే. అయితే అంతర్జాతీయ సమాఖ్య అయిన యునైటెడ్ వరల్డ్ రెజ్లింగ్ తన పోటీలను బాలబాలికలుగా, వయసు వారీగా, బరువు వారీగా విభజిస్తుందే తప్ప నైపుణ్యాన్ని బట్టి విభజించదు. అండర్-15 చాప మీదికి ఆరు నెలల అనుభవం ఉన్నవాడు, ఆరేళ్ల అనుభవం ఉన్నవాడు ఒకే బరువులో ఎదురుపడవచ్చు. అందువల్ల నైపుణ్యానికి కొలబద్ద తయారు చేసే బాధ్యత మొత్తం మన మీదే పడుతుంది.

ఆ కొలబద్ద ఎలా ఉండాలో చెప్పడానికి డబుల్ లెగ్ దాడిని తీసుకుంటాను. ఎదుటివాడి రెండు కాళ్లనూ ఒడిసిపట్టి పడవేసే ఈ దాడికి ప్రాణం తొలి అడుగులో ఉంటుంది. పిల్లవాడు మోకాళ్లు వంచి తన ఎత్తు తగ్గించాలి, ముందరి పాదం ఎదుటివాడి రెండు పాదాల నడుమకు వెళ్లాలి, ఆ మోకాలు చాపను తాకిన మరుక్షణమే వెనుక కాలు ముందుకు వచ్చి నేలను తన్నిపట్టాలి, నడుము భుజాల కిందే ఉండాలి, తల పైకెత్తి ఎదుటివాడి పక్కటెముకలకు ఆనించాలి. కొత్తవారిలో చాలామంది మోకాళ్లకు బదులు నడుము వంచుతారు. అప్పుడు పిరుదులు వెనక్కి పోతాయి, చూపు చాప మీదికి జారుతుంది, మెడ తనంతట తానే వెళ్లి ఎదుటివాడి చంకలో చిక్కుకుంటుంది. కదలని జోడీ మీద ఈ తప్పు బయటపడదు, ఎందుకంటే వంగిన నడుముతో వెళ్లినా కదలనివాడి కాళ్లు అందుతాయి. మీ పిల్లలు ఈ తప్పుతోనే టిక్కు సంపాదించి, ఈ తప్పుతోనే పోటీకి వెళ్లి ఉంటారని నా అనుమానం.

కనుక ఒకే దాడిని నాలుగు అంచెల్లో చూడండి. మొదటి అంచెలో జోడీ కదలకుండా నిలబడతాడు. అడుగు, తల, నడుము ఎక్కడున్నాయో మాత్రమే గమనించాలి. రెండో అంచెలో జోడీ ముందుకూ వెనక్కూ పక్కలకూ నడుస్తుంటాడు, తప్పించుకోడు. దూరాన్ని అంచనా వేయడం పిల్లవాడికి ఇక్కడే అలవడుతుంది. మూడో అంచెలో జోడీకి ఒకే ఒక్క ఎదురు చర్యను అనుమతించాలి, అంటే కాళ్లు వెనక్కి విసిరి నడుము బరువును దాడి చేసేవాడి మీద వాల్చే స్ప్రాల్ మాత్రమే చేయవచ్చు. నాలుగో అంచెలో ఇద్దరికీ పూర్తి స్వేచ్ఛ ఉంటుంది, కానీ పోరు 30 సెకన్లు మించకూడదు. తనతో సమానమైన జోడీ మీద నాలుగో అంచెలో ఐదు ప్రయత్నాలకు రెండుసార్లు దాడి ఫలించి, నెల తరువాత ముందుగా చెప్పకుండా అడిగినప్పుడు కూడా ఫలిస్తే, ఆ పట్టు వచ్చిందని నేను రాసుకుంటాను. ఐదుకు ఐదు అడిగితే ఏమవుతుందో ఒకసారి చూశాను: పిల్లలు బలహీనమైన జోడీని వెతుక్కోవడంలో ఆరితేరారు.

ఇలా చూడటం మొదలుపెడితే 40 పట్ల జాబితా దానంతట అదే చిన్నదవుతుంది, అన్నింటినీ నాలుగు అంచెలు దాటించేంత సమయం ఎవరికీ ఉండదు. అమెరికా జాతీయ సంస్థ యూఎస్ఏ రెజ్లింగ్ ఎంతోకాలంగా ఏడు మౌలిక నైపుణ్యాలను పునాదిగా చెబుతోంది: నిలబడే తీరు, కదలిక, ఎత్తు మార్చడం, లోపలికి చొచ్చుకుపోయే అడుగు, ఎత్తడం, వీపు తిప్పుతూ లోపలికి వేసే బ్యాక్ స్టెప్, వెనక్కి విల్లులా వంగే బ్యాక్ ఆర్చ్. నిలబడి వేసే దాడుల్లో పేరున్నవి చాలావరకు వీటి కూర్పులే కనుక జాబితాను వీటి చుట్టూ తిరిగి రాసుకోవడం మంచిది. అయితే చిన్నపిల్లలకు అన్నింటికన్నా ముందు కావలసినవి ఈ ఏడింటిలో విడిగా కనిపించవు. దెబ్బ తగలకుండా పడటం, కింద చిక్కినప్పుడు లేచి రావడం, వెల్లకిలా పడబోతున్నప్పుడు పొట్ట మీదికి తిరగడం అనే మూడింటినీ నేను మొదటి స్థాయిలోనే చేరుస్తాను. మీ 9 ఏళ్ల బాబుకు ఈ మూడో విద్య రాదని, దాన్ని అతనికి ఎవరూ విడిగా నేర్పలేదని మీ ఉత్తరం చదువుతుంటేనే అర్థమైంది.

మొదటి స్థాయిని ఆటలతో నింపండి. ఇద్దరు పిల్లలను ఎదురెదురుగా నిలబెట్టి, ఎదుటివాడి మోకాలిని చేత్తో తాకితే ఒక పాయింటు అని చెప్పి 40 సెకన్లు వదిలేస్తే, ఎవరూ చెప్పకుండానే మోకాళ్లు వంగుతాయి, పాదాలు ఒకదానికొకటి తగలకుండా జరుగుతాయి, చేతులు ముందుకు వచ్చి కాళ్లకు కాపలా కాస్తాయి. మీరు పది నిమిషాల ఉపన్యాసంతో సాధించలేని నిలబడే తీరు అక్కడ పుడుతుంది. అలాగే చిన్న వృత్తం గీసి అందులోంచి ఎదుటివాడిని బయటికి నెట్టే ఆట పెట్టండి. అసలు పోటీలో 9 మీటర్ల వృత్తం నుంచి ప్రత్యర్థిని బయట అడుగు పెట్టేలా చేస్తే ఒక పాయింటు వస్తుంది కనుక ఈ ఆట నియమాలను కూడా నేర్పుతుంది. పడటం నేర్పేటప్పుడు మాత్రం ఆట చాలదు, పక్కన కూర్చుని చూడాలి. వెనక్కి పడే పిల్లవాడి చెయ్యి తనకు తెలియకుండానే నేల వైపు చాచుకుంటుంది, మోచేతులకూ మణికట్లకూ దెబ్బలు తగిలేది చాలావరకు అలాగే. గొంతుకూర్చుని, గడ్డం ఛాతీకి ఆనించి, వీపును గుండ్రంగా చేసి దొర్లడం వందలసార్లు జరిగితే తప్ప ఆ చెయ్యి ఊరుకోదు. ఈ స్థాయికి పోటీ వద్దు, బరువు చూసే యంత్రం కూడా వద్దు.

రెండో స్థాయికి ఒక దాడి, ఒక రక్షణ, పైన ఉన్నప్పుడు ఒక తిప్పు, కింద ఉన్నప్పుడు ఒక విడుదల చాలు. తల్లిదండ్రులకు ఇది చాలా తక్కువగా కనిపిస్తుంది, కానీ నాలుగూ నాలుగో అంచె దాటాలంటే చాలామందికి ఏడాది పడుతుంది, పట్టనివ్వండి. మూడో స్థాయిలో మొదటి ప్రయత్నం విఫలమైన తరువాత ఏం చేయాలన్నదే పాఠం. ఒక కాలినే పట్టే సింగిల్ లెగ్‌ను ఎదుటివాడు ఆపితే అక్కడి నుంచి డబుల్ లెగ్‌కు మారడం, స్ప్రాల్ చేసి ఆగిపోకుండా ఎదుటివాడి వెనక్కి చుట్టి రావడం వంటివి ఇందులోకి వస్తాయి. వీటిని సాధన చేయించేటప్పుడు పోరును నిలబడి మొదలుపెట్టించకండి. ఒకరి కాలు మరొకరి చేతిలో అప్పటికే చిక్కి ఉన్న స్థితి నుంచి మొదలుపెట్టించండి. రెండు నిమిషాల స్వేచ్ఛా పోరులో అలాంటి సందర్భం ఒక్కసారి వస్తుందో రాదో చెప్పలేం, ఇలా చేస్తే పది నిమిషాల్లో ఇరవైసార్లు వస్తుంది. నాలుగో స్థాయిలో పిల్లవాడు తన శరీరానికి తగిన పట్లను తానే ఎంచుకుంటాడు, ఫ్రీస్టైల్ వైపో, నడుము కింద పట్టుకోవడం నిషిద్ధమైన గ్రీకో-రోమన్ వైపో మొగ్గు చూపడం కూడా ఇక్కడే బాగుంటుంది. ఐదోది పోటీ వ్యూహాల స్థాయి: ఒక్క పాయింటు ఆధిక్యంతో చివరి అర నిమిషం ఎలా గడపాలి, చాప అంచున ఎలా మసలుకోవాలి వంటివి. మీ క్లబ్బులో ఇప్పుడు దానికి తగినవారు ఇద్దరు ముగ్గురికి మించి ఉండరనుకుంటాను.

ఎత్తి విసిరే పట్ల విషయంలో నేను కొంచెం మొండిగా ఉంటాను. అవి చూడటానికి బాగుంటాయి, పాయింట్లు ఎక్కువ తెస్తాయి, పిల్లలకు వాటి మీదే కన్ను ఉంటుంది. కానీ విసిరేవాడి నైపుణ్యం కన్నా ముందు పడేవాడి నైపుణ్యం చూడాలి. ఇద్దరిలో ఒకరికి పడటం రాకపోయినా ఆ పట్టు ఆ జోడీకి వద్దు. బ్యాక్ ఆర్చ్‌ను మోకాళ్ల మీద నుంచి, మందపాటి మెత్తటి చాప మీద మొదలుపెట్టించాలి. తలను నేలకు ఆనించి వీపును విల్లులా వంచే మెడ వంతెనను మొదట చేతుల ఆసరాతోనే చేయించాలి, చిన్నపిల్లల తలల మీద మరొకరి బరువు వేయించకూడదు. వెనుక నుంచి రెండు చంకల కిందుగా చేతులు దూర్చి మెడను అదిమే డబుల్ నెల్సన్‌ను అంతర్జాతీయ నియమాలే అండర్-15, అండర్-17 విభాగాలకు నిషేధించాయి, కనుక మీ జాబితాలో ఉంటే కొట్టివేయండి. తలకు దెబ్బ తగిలిందన్న అనుమానం వస్తే ఆ రోజుకు ఆ పిల్లవాడు చాప దిగిపోవాలి, వైద్యుడు సరేననే దాకా తిరిగి ఎక్కకూడదు. చర్మం మీద తామర వంటి మచ్చ కనిపించినా ఇదే నియమం, కాకపోతే దీన్ని పాటించడం శిక్షకులకు కష్టం, ఎందుకంటే మచ్చ ఉన్నవాడు ఎప్పుడూ మన మేటి పిల్లవాడే అవుతాడు.

ఇప్పుడు అసలు మార్పు చెబుతాను. పిల్లవాడికి ఒకే స్థాయి ఇవ్వడం మానేయండి. నా నోటుపుస్తకంలో ప్రతి పేరు ఎదుట నాలుగు గడులు ఉంటాయి: నిలబడి దాడి, నిలబడి రక్షణ, పైన ఉన్నప్పుడు, కింద ఉన్నప్పుడు. స్థాయి సంఖ్య ఒక్కో గడికి వేరుగా వేస్తాను. కొన్నేళ్ల క్రితం నా దగ్గర 11 ఏళ్ల అమ్మాయి ఒకతె ఉండేది. నిలబడి పోరాడితే తన బరువులో ఆమెను పడగొట్టగలిగేవారు మా క్లబ్బులో లేరు. గడులు గీసి చూసుకుంటే దాడికి 3, రక్షణకు 3, పైన 2 పడ్డాయి, కింద ఉన్నప్పటి గడిలో 1 కూడా వేయలేకపోయాను, ఎందుకంటే ఆమె కింద ఉండగా నేను ఎన్నడూ చూడలేదు. మేటిగా ఉన్న పిల్లలకు కింది నుంచి లేచే సాధన దొరకదు, వారిని కింద పెట్టేవారు ఉండరు కదా. బయటి పోటీలో ఆమెకన్నా బలమైన అమ్మాయి పడగొట్టినప్పుడు ఆమె ఏం చేయాలో తెలియక రెఫరీ వైపు చూసింది. ఆ తరువాత రెండు నెలలు ఆమె ప్రతి పోరును కింది నుంచే మొదలుపెట్టింది, బాగా విసుక్కుంది కూడా. నాలుగు గడుల పద్ధతిలో ఒక్క "మూడో స్థాయి" అనే ముద్ర కింద ఇలాంటి గుంతలు దాగవు.

పెద్దవయసులో చేరినవారి సిగ్గుకు కూడా కొంతవరకు ఇదే మందు. వారికి పాఠం మొదటి స్థాయిదే ఉండాలి, పడటం వారికీ రాదు. కానీ 8 ఏళ్ల పిల్లల వరుసలో కాకుండా తమ వయసువారితో, చాప మరో మూలలో, వేగంగా నడిపించండి. 14 ఏళ్ల కొత్తవాడు ఆ స్థాయిని కొన్ని వారాల్లో దాటవచ్చు. వారితో ఉన్న చిక్కు వేరు: బలం ఎక్కువ కావడంతో తప్పుడు అడుగుతో కూడా పట్టు పడుతుంది, నడుము వంచి వెళ్లినా చేతుల బలంతో లాగేస్తారు, తప్పు తెలిసేసరికి అలవాటైపోతుంది. పైగా ఎత్తు అత్యంత వేగంగా పెరిగే కాలం సగటున బాలికలకు 12 ఏళ్ల దగ్గర, బాలురకు 14 ఏళ్ల దగ్గర వస్తుంది. ఆ నెలల్లో కాళ్లూ చేతులూ కొత్తగా పొడవై, నిన్నటిదాకా సరిగ్గా పడిన అడుగు తప్పుతుంది. అప్పుడు గడిలోని సంఖ్యను తగ్గించకండి, సాధనలో ఎత్తించే బరువులు మాత్రం తగ్గించండి. జోడీలు కట్టేటప్పుడు బరువులో పదో వంతుకు మించి తేడా లేకుండా చూడటమే కాక, యౌవనం వచ్చిన పిల్లవాడినీ రానివాడినీ బరువు కలిసిందని ఒకచోట చేర్చకుండా ఉండటం కూడా నా అలవాటు. ఇక మిగతా ఆటలన్నీ మాన్పించి కుస్తీ ఒక్కదానికే కట్టిపడేయాలన్న తొందర తల్లిదండ్రుల్లో కనిపిస్తే, చాలా క్రీడల్లో ఆ పని 15, 16 ఏళ్ల దాకా వాయిదా వేయడం మేలని అమెరికా బాలల వైద్య సంఘం 2016లో ఇచ్చిన నివేదికను గుర్తు చేయండి.

పోటీకి పంపడానికి మరొక గేటు పెట్టుకోండి, దాన్ని స్థాయితో కలపకండి. అండర్-15, అండర్-17 పోరు రెండేసి నిమిషాల రెండు భాగాలుగా, మధ్యలో 30 సెకన్ల విరామంతో జరుగుతుంది. అంతసేపు నిలబడే తీరు చెదరకుండా పోరాడగలగడం, కిందపడితే పొట్ట మీదికి తిరగగలగడం, పాయింట్లు ఎలా వస్తాయో తెలిసి ఉండటం, క్లబ్బులో ఓడినప్పుడు ఏడ్చినా సరే తిరిగి వచ్చి జోడీ చెయ్యి కలపగలగడం, ఈ నాలుగూ ఉంటేనే పేరు ఇస్తాను. పేరు ఇచ్చాక బరువు తగ్గించుకోమని పిల్లలకు చెప్పే పని ఏ రూపంలోనూ ఉండకూడదు. 1997 చివరి నెలల్లో అమెరికాలో ముగ్గురు కళాశాల మల్లయోధులు వేగంగా బరువు తగ్గించుకోబోయి ప్రాణాలు కోల్పోయిన తరువాతే అక్కడి కళాశాల పోటీల నియమాలు మారాయి. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో ఫైనల్‌కు చేరిన వినేశ్ ఫోగట్ 50 కిలోల విభాగంలో 100 గ్రాములు ఎక్కువ తూగడంతో అనర్హురాలైన సంగతి మీ పిల్లలందరికీ తెలిసే ఉంటుంది, దాన్ని వారు మరికాస్త కఠినంగా కడుపు మాడ్చుకోవాలన్న పాఠంగా తీసుకునే ప్రమాదం ఉంది. ఎదిగే పిల్లవాడు ఆ రోజు ఎంత తూగితే ఆ విభాగంలో దిగాలని వారికి ముందుగానే తేల్చి చెప్పండి.

చొక్కాల సంగతికి వస్తే, వచ్చే నెల నుంచి అందరికీ ఒకే రంగు ఇవ్వండి. కొందరు తల్లిదండ్రులు ఇప్పటిదాకా పడిన శ్రమ ఏమైందని అడుగుతారు. వారిని చాప పక్కన కూర్చోబెట్టి, వారి పిల్లవాడి నాలుగు గడులను చూపించి, ఏ గడి ఖాళీగా ఉందో, దానికి ఈ నెలలో ఏం చేయించబోతున్నారో చెప్పండి. రంగు చొక్కా పక్కింటి పిల్లవాడితో పోల్చుకోవడానికి పనికొచ్చేది, ఈ గడులతో అలా పోల్చుకోవడం అంత తేలిక కాదు. ఒకరిద్దరు అయినా వినరు, వారితో వాదన పెంచకండి. 34 మంది గడులనూ మీరు ఒక్కరే నింపలేరు కనుక ఇద్దరు సహాయకులకూ తలా కొందరిని పంచి, ముగ్గురూ కలిసి వారానికి ఎనిమిది తొమ్మిది మందిని మాత్రమే గమనిస్తే నెల తిరిగేసరికి అందరూ పూర్తవుతారు. పరీక్ష రోజంటూ వేరే పెట్టకండి, మామూలు సాధనలోనే చూసి రాసుకోండి.

ఆ 9 ఏళ్ల బాబు ఇంటికి మీరే వెళ్లండి. పోటీ ఊసు ఎత్తవద్దు, అతన్ని సిద్ధం చేయకుండా పంపిన తప్పు మీదేనని అతని ఎదుటే చెప్పండి, ఆ వయసు పిల్లలు పెద్దవారి నుంచి ఆ మాట అరుదుగా వింటారు. వస్తే మొదటి వారం మోకాలు తాకే ఆటలు చాలు. రెండో వారం నుంచి రోజూ ఐదు నిమిషాలు, అతనికి చనువున్న జోడీని పెట్టి, అతన్ని సగం వెల్లకిలా పడిన స్థితి నుంచి మొదలుపెట్టించండి. జోడీ సగం బలంతోనే అదిమిపట్టాలి, అర నిమిషం లోపు ఇతను పొట్ట మీదికి తిరిగితే పాయింటు ఇతనిది. వరుసగా మూడు రోజులు పాయింటు ఇతనికే వస్తే జోడీని మరికాస్త గట్టిగా పట్టుకోమనండి.